కనబడని చోట పైసలు పెట్టు

భూపాలపల్లి

కొడుకా,



నువ్వు పంపిన ఫొటోలు పెద్దగ చేసుకోని చూసిన. దొడ్లె ట్రాక్టరు కొట్టం పడమటి దిక్కు ఒరిగింది. సిమెంటు రేకులు పగిలినయ్. మొగురాల మొదళ్లకు చెదలు పట్టింది. ఇంక దానికి మరమ్మతు దండుగ. తీసేసి కొత్తది ఏసుకుందామన్న నీ ఆలోచన సరైనదే. పత్తి పైసలు దాటొద్దు, మిత్తికి తేవద్దు అన్న నీ పట్టుదల నాకింకా నచ్చింది. ట్రాక్టరు కిస్తీ కట్టుకుంట కొట్టానికి ఇంకో అప్పు నెత్తికెత్తుకుంటే ఆ నీడల నీకు నిద్ర పట్టదు.

నేను చెప్పే మాట ఒక్కటే. ఖర్చు కనబడే చోట తగ్గించు, కనబడని చోట తగ్గించకు. రంగు, సోకు గేటు, నున్నటి గచ్చు, నాలుగు దిక్కుల గోడలు, ఇవన్నీ రేపు చేసుకోవచ్చు. మట్టిల పోయే కాంక్రీటు, రేకు కింద వెల్డింగు, పైపు మందం మాత్రం ఇయ్యాల్నే సరిగ్గ చేయాలె. తర్వాత దిద్దుదామంటే మొత్తం విప్పాల్సొస్తది. సింగరేణి బాయిల టింబర్‌మన్‌గ పనిచేసినోణ్ని. మా పనంతా పైకప్పుకు దన్ను పెట్టుడే. కప్పు చూడ ఎట్లున్నదని మేమెన్నడు అడగలే, దాన్ని ఏం పట్టుకోని ఉన్నదని అడిగినం. నువ్వు గూడ కొట్టం గురించి అదే అడగాలె.

ముందుగాల కొలతలు. మేస్త్రీ పెద్దది ఏసుకో అంటడు, పక్కింటాయన కారుకు గూడ జాగ పెట్టు అంటడు. నీకున్నది ఒక ట్రాక్టరు, రోటవేటరు, ఒక బండి. ట్రాలీ బయట నిలబడ్డా పాడుగాదు. 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడుగు చాలు. ఒంటి వాలు కప్పు ఎయ్యి. రెండు వాలులకు మధ్యల ట్రస్సు, పైన మూత రేకు, ఆ అతుకు కాడ కారుడు ఉంటయి. ఒక దిక్కు 11 అడుగులు, ఇంకో దిక్కు 9 అడుగుల ఎత్తు పెడితే 12 అడుగులకు 2 అడుగుల వాలు వస్తది. నీళ్లు నిల్వవు. ట్రాక్టరు మీద నీడ పందిరి ఉన్నా కిందికెల్లి పోతది.

ఇగ పాత రేకులు. ఈ ఉత్తరంల అన్నిటికన్న ముఖ్యమైన ముచ్చట ఇదే, నిమ్మళంగ చదువు. మన ఊళ్లల్ల సిమెంటు రేకులంటే చానామటుకు ఆస్‌బెస్టాస్ కలిసినయే. ఆస్‌బెస్టాస్ ఏ రకమైనా మనిషికి క్యాన్సరు తెస్తదని ప్రపంచ ఆరోగ్య సంస్థ తేల్చి చెప్పింది. మన దేశంల ఆస్‌బెస్టాస్ గనుల తవ్వకం ఆగిపోయింది గని, బయటి దేశాల నుంచి సరుకు తెచ్చి రేకులు చేసుడు మాత్రం నడుస్తనే ఉన్నది. రేకు నెత్తి మీద చెక్కుచెదరకుండ ఉన్నన్ని రోజులు అపాయం తక్కువ. పగలగొట్టినప్పుడు, కోసినప్పుడు, తొల్చినప్పుడు కంటికి కనబడని పోగులు గాలిల లేస్తయి. పీలిస్తే ఊపిరితిత్తులల్ల దిగబడతయి. జబ్బు వెంటనే బయటపడదు, ఇరవై ముప్పై ఏండ్లకు గూడ రావచ్చు. బాయిల దుమ్ము మింగిన మనుషుల దగ్గు విన్నోణ్ని, అందుకే ఇంత చెప్తున్న.

అందుకని రేకులను సుత్తెతో కొట్టి కింద పడేసుడు బంద్ పెట్టు. దించే రోజు పిల్లలను, పశువులను దొడ్లెకు రానియ్యకు. పైపుతో రేకులను బాగ తడుపు, తడిగ ఉంటే పోగులు తక్కువ లేస్తయి. పి100 లేదా ఎఫ్ఎఫ్‌పి3 రకం మాస్కు ముక్కుకు గట్టిగ అతుక్కునేటట్టు పెట్టుకో. తువ్వాల కట్టుకుంటే లాభం లేదు. జె-హుక్కుల నట్లు పానాతో విప్పు. తుప్పు పట్టి రాకుంటే యాక్సాబ్లేడుతో హుక్కునే కొయ్యి, గ్రైండరు రేకుకు తాకనియ్యకు. రేకు మీద అడుగు పెట్టుడు అసలే వద్దు. పాత సిమెంటు రేకు మనిషి బరువుకు ఉన్నపాటున విరుగుతది, అట్ల పడి పానాలు పోయినోళ్లు చానామంది. నిచ్చెన ఏసి, అడ్డంగ పలక పరిచి, ఇద్దరు రెండు దిక్కుల పట్టుకోని ఒక్కొక్కటి చేతులతోని దించుండ్రి. పగిలిన ముక్కలను తడిగ ఉన్నప్పుడే మందం ప్లాస్టిక్ సంచుల్ల నింపి మూతి కట్టు. పొడి చీపురుతో ఊడవకు. ఆనాడు తొడిగిన బట్టలు ఇంటి బట్టలల్ల కలపకుండ ఉతుకు.

ఆ ముక్కలను చెరువు కట్ట మీద పోసుడు, బాట గుంతలల్ల ఏసుడు, గడ్డివాము మీద కప్పుడు, ఏదీ చేయకు. బాట మీద ఏస్తే ట్రాక్టరు టైర్లే దాన్ని పిండి చేస్తయి. సంచులను ఎవరూ కదపని ఒక మూలకు పెట్టి, ఎక్కడ అప్పజెప్పాల్నో పంచాయతీ కార్యదర్శిని అడుగు. ఇదంతా చేస్తే ఒక దినం కూలి ఎక్కువ పడతది. ఆ కూలికి ఎనకాడకు.

రేకులు దిగినంక కట్టె చూడు. అన్నీ పొయ్యిల పెట్టేటియి కావు. బాయిల కప్పును రాడుతో తట్టి చూసి అది గట్టిదా, బోలుదా అని చప్పుడుతోని తెలుసుకుంటం. మొగురాలను, వాసాలను అట్లనే చిన్న సుత్తెతో మొదటికెల్లి చివర దాక తట్టు. ఖంగుమంటే మంచిది. డప్పు లెక్క మోగితే లోపల చెద తిన్నట్టు. మీ తాత ఏసిన మొగురాలల్ల టేకు, నల్లమద్ది ఉన్నయి. మట్టిల ఉన్న మూర, మూరన్నర పాడైనా పైది గట్టిగ ఉంటది. పాడైన కాడికి కోసి గొర్రెల దొడ్డికో, పాదుల పందిరికో వాడుకో. కొత్త కొట్టం కప్పుకు మాత్రం పాత కట్టె పెట్టకు. పాతయి చాలవని పచ్చని చెట్టును నరుకుదామనుకోకు, 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు కొట్టాలన్నా అనుమతి కావాలె. రాతి కడీలు, గుండ్లు, పాత ఇటుకలు అన్నీ ఒక పక్కకు పేర్చు. వాటి పని ముందట ఉన్నది.

జాగ సంగతి. వాహనానికి వాయవ్యం మంచిదని నాయిన అంటడు, అననియ్యి. ఆ మూల మిట్టగ ఉంటే అక్కడనే కట్టు. పల్లంగ ఉంటే మాత్రం నాయినను కూసోబెట్టి నచ్చజెప్పు. నీళ్లకు వాస్తు తెల్వదు. 2023 జూలై 27న మా భూపాలపల్లి దగ్గర మోరంచవాగు పొంగి మోరంచపల్లి ఊరు మునిగింది. హెలికాప్టర్లు వచ్చి జనాన్ని తీసినయి. మరుసటేడు సెప్టెంబరు 1న మహబూబాబాద్ దిక్కు, కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కంకర కొట్టుకపోయి, పట్టాలు గాలిల ఏలాడినయి. మీ అక్కోళ్ల ఊళ్ల ఆనాడు నీళ్లు ఎక్కడిదాక వచ్చినయో ఇప్పటికీ గోడల మీద గీత కనబడతది. మీ జనగామ మిట్ట ప్రాంతమని ధీమా పడకు. ఊళ్ల ముసలోళ్లను అడుగు, పెద్ద వాన పడ్డనాడు మన దొడ్లెకెల్లి నీళ్లు ఎటు పోయినయని. ఆ బాటకు అడ్డం కట్టకు. కొట్టం నేలను చుట్టుపక్కల మట్టం కన్న కనీసం అడుగున్నర ఎత్తు లేపు. మొరం జానెడు జానెడు పొరలుగ పోసి, నీళ్లు చల్లి, దిమ్మిస కొట్టించు. ఒక్కపారే గుట్ట పోసి ట్రాక్టరుతో తొక్కిస్తే పైన గట్టిపడతది, కింద గుల్లనే ఉంటది.

ఇప్పుడు పునాది. కొట్టం తేలిక గదా, పునాది ఎందుకని చానామంది అడుగున్నర గుంత తీసి పైపు నిలబెట్టి నాలుగు తట్టల కాంక్రీటు పోస్తరు. ఎండకాలం గాలిదుమారానికి అట్లాంటి కొట్టాలే పక్కింటి చేన్లల్ల తేలుతయి. లెక్క చూడు. హైదరాబాదు ప్రాంతానికి ఇంజనీర్లు కట్టడాల లెక్కకు తీసుకునే గాలి వేగం సెకనుకు 44 మీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద దరిదాపు 118 కిలోల ఒత్తిడి పడతది. నీ కప్పు చూరుతోని కలిపి 14 అడుగులకు 22 అడుగులు, అంటే 28 చదరపు మీటర్లు. మొత్తం ఒత్తిడి 3 టన్నులు దాటుతది. నీ రేకులన్నీ కలిపితే 140 కిలోలు. ఈ 140 కిలోలను 3 టన్నుల గాలి ఎత్తకుండ ఆపేది ఏంది? మట్టిలున్న కాంక్రీటు బరువే. కొట్టం పునాది కప్పును మోసేటందుకే గాదు, పోనియ్యకుండ పట్టేటందుకు.

దిక్కుకు మూడు చొప్పున, పది అడుగుల ఎడంతో ఆరు స్తంభాలు. ఒక్కోదానికి 2 అడుగుల చదరం, 3 అడుగుల లోతు గుంత. అండ్ల పోసే కాంక్రీటు 800 కిలోల దాక తూగుతది. ఆరు గుంతలు కలిపితే 5 టన్నులకు దగ్గర. గాలికి జవాబు దొరికినట్టే. మీది ఎర్ర చల్క, మూడడుగులకు గట్టి మొరం తగుల్తది. ఒకవేళ అక్కడ నల్లరేగడి తగిలితే అది తడికి ఉబ్బి ఎండకు పగిలే మట్టి. మొరం తగిలేదాక తవ్వించు.

ఇక్కడ పైసలు మిగిలే ఉపాయం చెప్త. 1:2:4 పాళ్లల్ల ఈ ఆరు గుంతలకు 13 బస్తాల సిమెంటు దాక పడతది. జనగామ నేల నిండ గుండ్లే. పాత కొట్టం కాడి గట్టి గుండ్లను కడిగి, తడిపి, గుంత పరిమాణంల మూడో వంతు దాక కాంక్రీటు మధ్యల కూర్చు. ఒకదానికొకటి తగలొద్దు, స్తంభానికి తగలొద్దు, చుట్టూర కాంక్రీటు నిండాలె. సిమెంటు 9 బస్తాలకు దిగుతది. రాయి కాంక్రీటు కన్న బరువే గని తక్కువ గాదు, పట్టు ఏం తగ్గదు. నీళ్లు మాత్రం ఎక్కువ పోయనియ్యకు. పారేటట్టు కలిపితే కూలోళ్లకు సులువు గని కాంక్రీటుకు బలం పోతది. కనీసం ఏడు రోజులు తడుపుతనే ఉండు.

స్తంభం ఉట్టిగ మట్టిల పాతిపెట్టకు. నేల మట్టం కాడ గాలి, తడి రెండు కలిసి ఇనుమును తింటయి. కాంక్రీటును నేల మీదికి జానెడు లేపి, నాలుగు దిక్కుల వాలు ఇయ్యి. అండ్ల బోల్టులు దింపి, పైన ప్లేటు పెట్టి స్తంభం నిలబెట్టు. ఇగ పట్టు ఎక్కడా తెగొద్దు. స్క్రూ రేకును దాని కింది పర్లిన్ పట్టీకి పట్టాలె, పర్లిన్‌ను అడ్డపైపు పట్టాలె, అడ్డపైపును స్తంభం, స్తంభాన్ని బోల్టు, బోల్టును కాంక్రీటు. వీటిల ఒక్క అతుకు చుక్క వెల్డింగుతో వదిలినా మిగతా ఖర్చంతా ఒట్టిదే. వెల్డర్ పక్కనే నిలబడి ప్రతి అతుకు చుట్టూర నిండ వెల్డింగు చేయించు, మసి గీకించి ప్రైమరు పూయించు. జిఐ పైపు మీద వెల్డింగు చేస్తే వచ్చే తెల్ల పొగకు జ్వరం వస్తది. గాలి తగిలే చోట చేయమను.

ఇనుము కొనేటప్పుడు ధర తక్కువని మురవకు. పైపు కిలో లెక్కన అమ్ముతరు. ఒక్కో పైపు చవకగ వచ్చిందంటే దాని గోడ పలుచబడ్డట్టే. మందం ఎంతో అడిగి, కోసిన చివర కాడ కొలిచి చూడు. రేకు గూడ అంతే. 0.50 అని రాసిచ్చి 0.35 అంటగట్టేటోళ్లున్నరు. కంటికి తెల్వదు, కాంటాకు తెలుస్తది. ఇనుము మిల్లీమీటరు మందానికి చదరపు మీటరు 7.85 కిలోలు. నీకు కావాల్సినయి మూడున్నర అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడుగు రేకులు ఏడు. మడతలల్ల పోయే వెడల్పు గూడ కలుపుకుంటే 0.50 మందం రేకు ఒక్కోటి 20 కిలోల దరిదాపు తూగుతది. 0.35 అయితే 13, 14 దగ్గరనే ఆగుతది. దుకాణంల కాంటా మీద ఒక్క రేకు పెట్టించు, ఇంక మాటలక్కర లేదు. రంగు నీకు నచ్చింది తీసుకో, లేత రంగైతే ఎండ వేడి కొంత తగ్గుతది.

పర్లిన్‌లు 4 అడుగులకొకటి, నాలుగు వరుసలు. వాలు పొడుగుతా ఒక్కటే రేకు వస్తది గనుక అడ్డం అతుకు ఉండదు. స్క్రూలు రబ్బరు వాషరు ఉన్నయే తీసుకో. గాలి ముందుగాల చూరు అంచునే పట్టి లేపుతది, అంచు వరుసల ప్రతి మిట్ట మీద స్క్రూ పడాలె. వాషరు రేకుకు సమంగ అతుక్కోవాలె, పక్కలకు నలిగి బయటికొచ్చిందంటే ఎక్కువ బిగించినట్టు. బిగించుడు అయిన సాయంత్రమే కప్పు మీది ఇనుప రజను మెత్తటి చీపురుతో ఊడిపించు. ఆ రజను రాత్రి మంచుకు తుప్పుబట్టి, ఆ మచ్చల కాడనే రేకు చెడుడు మొదలైతది. ఊడిసే పనికి పావుగంట పట్టదు, అయినా మనోళ్లు ఎవరూ చేయరు.

గోడలు మూడు దిక్కుల అక్కర లేదు. వాన జల్లు పడమటికెల్లి కొడతది, ఆ దిక్కు ఒక్కటే గోడ పెట్టు, కొట్టం మూతి తూర్పుకు పెట్టు. మూతి పడమటికి ఉంటే గాలి లోపలికి జొచ్చి కప్పును కిందికెల్లి ఎత్తుతది. గోడకు ముందు పాత ఇటుకలు వాడు. చాలకుంటే బూడిద ఇటుకలు తీసుకో. మా చెల్పూరు కాకతీయ థర్మల్ కేంద్రం 500, 600 మెగావాట్ల రెండు యూనిట్లు కలిపి 1100 మెగావాట్లు, అక్కడ బూడిదకు కొదవ లేదు. థర్మల్ కేంద్రాల చుట్టుపక్కల ఇటుకలల్ల బూడిద కలపాలని కేంద్ర పర్యావరణ శాఖ 1999లనే ఉత్తర్వు తెచ్చింది. మంచి చేన్ల మట్టి మిగులుతది. గని జనగామ దాక లారీ కిరాయి కలిపి లెక్క చూసుకో, మీకు దగ్గరి బట్టీల చవక పడితే అక్కడనే కొను. రెండు ఇటుకలు ఒకదానికొకటి కొడితే ఖణేలుమనాలె, నడుమెత్తు నుంచి ఇడిస్తే విరగొద్దు.

గోడ నాలుగు అడుగుల ఎత్తు దాటనియ్యకు, పైన పాత పట్టానో ఇనుప రేకో కట్టుకోవచ్చు. 2024 డిసెంబరు 4 పొద్దుగాల ములుగు దిక్కు 5.3 తీవ్రతతో భూమి కదిలింది. మా ఇండ్లల్ల గిన్నెలు మోగినయి. రేకుల కప్పు అట్లాంటి ఊపును ఓర్చుకుంటది. సన్నగ, ఎత్తుగ లేపిన ఒంటి ఇటుక గోడే మీద పడతది.

నేల మొత్తం గచ్చు ఎందుకు? ట్రాక్టరు చక్రాలు ఆనే రెండు పట్టీలు, ఒక్కోటి రెండడుగుల వెడల్పుతో కాంక్రీటు పోయించు. మిగతా నేల మొరమే చాలు. కప్పు నీళ్లు వృథా పోనియ్యకు. సెంటీమీటరు వాన పడితే నీ కప్పు మీద 280 లీటర్ల పైన నీళ్లు జారుతయి. తక్కువ ఎత్తు దిక్కు పైపు ఏసి ఇంకుడు గుంతకు మళ్లిస్తే బోరుకు మేలు, మొరం గూడ కోసుకపోదు.

ఒక్క బల్బు చాలంటవు, ఆ ఒక్క బల్బుకైనా కరెంటు జాగ్రత్త. ఇనుప స్తంభం, ఇనుప రేకు, తడి నేల ఉన్న చోట వైరు ఒరిసిందంటే మనిషి మిగలడు. సర్వీసు వైరును కప్పు మీదికెల్లి తేకు. పైపుల గుండ తెచ్చి, కొట్టానికి ఎర్తు పెట్టించి, 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే బ్రేకరు ఏయించు. ఇది ఆలోచించి పెట్టే ఖర్చు కాదు, పెట్టి తీరాల్సిన ఖర్చు.

పని మొదలుపెట్టే ముందు పంచాయతీల అడుగు, 2018 చట్టం ప్రకారం ఊళ్లల్ల కట్టడాల అనుమతి వాళ్లదే. వాగు ఇసుకకు అనుమతి కాగితం లేకుండ ట్రాక్టరు కదలనియ్యకు, పట్టుబడితే మిగిలిన పైసలన్నీ జరిమానాకే పోతయి. సంక్రాంతి ఎల్లినంక పాతది దించు, ఉగాది లోపల కప్పు పడాలె. అప్పుడు వానలుండయి, గాలిదుమారాలు ఇంకా మొదలుగావు, యాసంగి కోతలకు ట్రాక్టరు చేన్లకు పోయేసరికి కొట్టం తయారైతది. మొత్తం పని గుత్తకియ్యకు. సామాను నువ్వే కొను, కూలి మాత్రమే గుత్త మాట్లాడు. పైసలు మూడు దఫాలుగ ఇయ్యి: పునాది ఎండినంక, ఇనుము నిలబడ్డంక, కప్పు పడి నీళ్లు పోసి చూసినంక. ఆఖరు దఫా పెద్దదిగ ఉండాలె.

చేతిల పైసలు తక్కువ పడితే గోడ ఆపు, గచ్చు పట్టీలు ఆపు, రంగు ఆపు. పునాది లోతు తగ్గిస్తనన్నా, రేకు పలుచటిది తెస్తనన్నా ఒప్పుకోను. సగం కొట్టమైనా గట్టిగ నిలబడ్డది వచ్చే ఏడాది పత్తి పైసలతో నిండుతది.

మేస్త్రీ రాసిచ్చిన లెక్క కాగితం ఫొటో తీసి పంపు. అండ్ల ఏది కొట్టేయాల్నో, ఏది పెంచాల్నో గీతలు గీసి తిరిగి పంపుత. మాస్కులు మాత్రం ఇయ్యాల్నే కొని పెట్టు.

ఇట్లు,
మీ చిన్నాయన